మావయ్య చెవి, మేనకోడలి దీపం

మా వీధి చివరి వర్క్‌షాపులో కొయ్యగిన్నెలు చేసే మనిషి గురించి రాస్తున్నానంటే, "పాపం, ఆవిడకి చెవులు వినపడవు కదా!" అని ముందే కళ్లు తడి చేసుకున్నవాళ్లున్నారు. వాళ్లకి నిరాశ తప్పదు. జాలిపడితే ఆవిడకి ఒళ్లు మంట. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది గానీ నోరు భేషుగ్గా ఉంది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది, నచ్చకపోతే మొహం తిప్పేసుకుంటుంది. ఆ సౌకర్యం మనలో ఎవరికుంది?

ఆవిడ మేనమామ లేత్ మెషీను మీద చెక్క తిప్పి చెక్కే మేస్త్రీ, చెవితో పనిచేసే మనిషి. తిరిగే చెక్కకి ఉలి ఆనిస్తే, గిన్నె గోడ పలచబడేకొద్దీ చప్పుడు మారుతుంది. అది విని చెయ్యి ఆపాలి. ఆవిడకి ఆ దారి లేదు. ఆవిడ చేసిన పల్చటి గిన్నెలన్నీ ఆఖర్న చిల్లులు పడ్డాయి. మోకాళ్లు అరిగిపోయి పని మానేద్దామనుకున్నప్పుడు మేస్త్రీ తేల్చి చెప్పేశాడు: పల్చటి గిన్నె ఒక్కటి నిలబెడితే లేత్ మేనకోడలిది, లేకపోతే కుర్చీకాళ్లు చేసుకునే అల్లుడిది.

దారి చూపింది బల్బు. పచ్చి చెర్రీ దుంగ తొలుస్తుంటే తడిపొట్టు ఎగిరి బల్బుకి అతుక్కుని, వెలుతురు దాటొచ్చి ఎర్రగా మెరిసింది. ఆవిడ మెషీను ఆపి దాన్నే చూస్తూ నిలబడిపోయింది. మర్నాడు టేబుల్ లాంపు తెచ్చి చెక్క వెనక పెట్టింది.

మేస్త్రీ ఎదురుగా వచ్చాడు. "ఏంటే ఇది, సినిమా షూటింగా?"

"చెక్క పచ్చిగా ఉంది మావయ్యా. సన్నబడితే వెలుతురు దాటొస్తుంది."

"ఆరేటప్పుడు వంకర తిరుగుతుందే!"

"తిరగనీండి. మీరు తిరగలేదూ?"

గుమ్మంలో అత్తయ్య పకపకా నవ్వింది.

మేనకోడలు గిన్నె అంచు దగ్గర మొదలుపెట్టి కిందికి దిగింది. చీకటిగా ఉన్నచోట ఉలి ఆనించింది, ఎర్రబడగానే తీసేసింది. చివరికి గోడ చుట్టూ ఒకటే ఎరుపు. అడుగు మాత్రం మెషీనుకి బిగించి ఉంది, అక్కడికి వెలుతురు అందదు. "ఇప్పుడేం చేస్తావో చూస్తా!" అన్నాడు మేస్త్రీ. ఆవిడ పుల్ల పెట్టి లోతు కొలిచింది. అంతే. ప్రతిదానికీ అద్భుతం అక్కర్లేదు.

ఆరడానికి వారాలు పట్టింది. అంచు కాస్త కోలగా సాగింది గానీ ఎక్కడా పగల్లేదు. గరుకు కాగితంతో రుద్ది అవిసెనూనె పట్టించేసరికి లేత గులాబీ చెక్క రాగిరంగు తేలింది. మేస్త్రీ అటు తిప్పి, ఇటు తిప్పి, వేలితో కొట్టి విని, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. వంక పెడదామంటే చోటు దొరకలేదు.

"బావుంది," అని గొణిగాడు.

"ఏంటీ?"

"బావుందే!"

"ఇంకోసారి అనండి."

"లేత్ నీదే తల్లీ, నన్ను చంపకు!" అని అరిచాడు. వీధి వీధంతా విన్నది. మొదటిసారే అర్థమైనా ఆయన చేత మళ్లీ మళ్లీ చెప్పించుకుందని అత్తయ్యకి తెలుసు.

ఆవిడ అప్పటికే మరో పచ్చిదుంగ, ముందుదానికి రెట్టింపుది, బిగించేసింది.

"పక్కకి జరగండి మావయ్యా, పొట్టు మీద పడుతుంది."