అత్త ఎత్తిపొడిచిన రక్తం

ఎనభైల్లో ఉత్తరాదిన ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, బారిడీహ్‌లో ఉండేవాళ్ళం. మా ఐదేళ్ళ బాబుకి కీళ్ళు వాచినప్పుడల్లా అత్త నాతో "నీ పుట్టింటోల్ల రోగమే ఇది" అనేది. ఆస్పత్రి వార్డులో అందరి ముందూ, వచ్చీరాని హిందీలో డాక్టరుతోనూ అదే అంది.

ఆయన మా దంపతులతో పాటు అత్తకీ రక్తపరీక్ష చేయించాడు. "ఇది సికిల్ సెల్ అనే రక్తం జబ్బు. జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. ఆ మార్పు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు. బాబు తండ్రికి, అంటే మీ అబ్బాయికి, ఆ మార్పు మీ నుంచే వచ్చిందమ్మా. మీరూ మీ కోడలూ ముందే చుట్టాలా?" అన్నాడు.

పక్క మంచాల వాళ్ళంతా చూస్తుంటే నేనే తలదించుకుని చెప్పాను, అత్త మా నాన్నకి సొంత చెల్లెలని.

రిక్షాలో అత్త నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యకి సెప్పకే" అంది.

నేను చెప్పలేదు. ఆవిడకీ నాకూ పుట్టిల్లు ఒకటే కదా.