పుట్టింటి పీపాలు

వైన్ పోటీలో రుచి చూసి మార్కులు వేయాల్సిన రోజు ఆమె కాఫీ తాగదు, వాసన సబ్బు ముట్టదు. ఆ పొద్దున బయల్దేరుతుంటే వదిన ఫోన్ చేసి నోరు జారింది.

"మీ అన్నయ్య మన వైన్ కూడా పోటీకి పంపారు. నీకు చెప్పొద్దన్నారు. పతకం వస్తేనే వ్యాపారి మన సరుకు కొంటాడట. లేకపోతే ద్రాక్షతోట అమ్ముకోవాల్సిందే."

"చెప్పొద్దంటే ఎందుకు చెప్పావు వదినా?"

"కడుపులో దాచుకోలేక. నువ్వు విననట్టే ఉండు."

వినేసింది. అయినవాళ్ల సరుకు పోటీలో ఉందని తెలిస్తే ముందే చెప్పి బల్ల దగ్గర్నుంచి లేవాలి, అది నియమం. ఆమె చెప్పలేదు. ఏ గ్లాసులో ఎవరిదుందో తనకు మాత్రం ఎలా తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకుంది.

తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఒక్కొక్కరి ముందు వరసగా గ్లాసులు, మంచినీళ్లు, రుచి చూసి ఉమ్మడానికో గిన్నె. మార్కులు వేసేదాకా ఎవరూ నోరు మెదపకూడదు, మొహం చిట్లించకూడదు. మొదటి మూడూ పర్వాలేదు. నాలుగోది వాసన చూడగానే ఆమె భుజాలు సడలాయి. తడి తోలు, పాత చెక్క, వాటి వెనక మగ్గిన పండు. ఇరవైకి పద్దెనిమిది వేసింది.

బల్లకు పెద్దగా కూర్చున్నాయన మార్కులు చూసి కళ్లజోడు తీశాడు. "నాలుగో గ్లాసుకు నేను ఏడు, ఈయన ఆరు. మీరు పద్దెనిమిదా అమ్మా?"

ఆ ఆరు వేసినాయన హోటళ్లకు వైన్ ఎంచిపెడతాడు. "గుర్రపుశాల కంపు సార్, గుర్రాన్ని ఇప్పుడే విప్పుకెళ్లినట్టుంది. మేడం గారికి జలుబేమో!"

ఆమె మళ్లీ వాసన చూసింది. ఈసారి తోలు వాసనే ముందు తగిలింది. పాత పీపాల్లో ఒక రకం సూక్ష్మజీవి చేరితే వచ్చే వాసన. ఆ కారణంతో ఎందరి సీసాలనో ఆమే పక్కన పెట్టించింది. నాన్న పీపాలుంచిన నేలమాళిగ మెట్లు దిగుతుంటే ఎదురొచ్చే వాసన కూడా ఇదే. ఇంటి వాసన ఇంట్లోవాళ్లకు తెలియదు.

ఆమె గ్లాసు దించింది. "సీసా చెడిందేమో. ఇంకోటి తెప్పించండి."

ఇంకో సీసా వచ్చింది. అదే వాసన.

"మీ ముక్కు మీద నాకు గురి," అన్నాడు పెద్దాయన. "ఇందులో మంచి ఏముందో చెప్పండి. కంచు పతకానికైనా పనికొస్తుందంటే నేను మళ్లీ చూస్తాను."

ఆయన ఆ మాట అనకపోయినా బాగుండేది. పాత పద్ధతి, పండు బలం... చెప్పాల్సిన మాటలన్నీ నాలుక మీదికి వచ్చేశాయి. మంచినీళ్లు తాగింది.

"ఇది మా అన్నయ్యది సార్. పోటీలో ఉందని పొద్దునే తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. నా మార్కులు తీసేయండి."

హోటలాయన గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఇదొక్కటే కాదమ్మా," అన్నాడు పెద్దాయన. "పొద్దున్నుంచి మీరు వేసినవన్నీ తీసేయాలి. ఇక మీదట మిమ్మల్ని పిలవడం కూడా కష్టమే."

ఆమె వరండాలోకి వచ్చి అన్నయ్యకు ఫోన్ చేసింది.

"పతకం రాదన్నయ్యా."

"వదిన చెప్పిందా నీకు?"

"తననేమీ అనకు. పీపాలు చెడి వాసన పట్టాయి. ఒక్కటి కూడా ఉంచకు."

"నాన్నవే అవి! నాకేం వాసన రావట్లేదే?"

"నాకూ రాలేదు."

అవతల అన్నయ్య నేలమాళిగ మెట్లు దిగుతున్న చప్పుడు, పీపా మూత లాగిన చప్పుడు వినిపించాయి. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది.