నీళ్ళు లేని కాలవ, ఆగని పడవ

బందరులో రేవు లేని రోజుల్లో నేను రేవు పని చేసేవాణ్ణి. ఇప్పుడైతే సముద్రం వైపు వెళ్తే క్రేన్లు, టిప్పర్లు, హెల్మెట్లు పెట్టుకున్న ఇంజనీర్లు కనిపిస్తున్నారు గానీ, అప్పట్లో మా ఊళ్ళో పడవంటే చేపల పడవే. అయినా సరే, కోనేరు సెంటరుకి రెండు సందుల అవతల మెట్ల కింద గదిలో ఉండే మా ఆఫీసుకి ‘ఎగుమతి, దిగుమతి సేవలు’ అని ఇంత పొడుగు బోర్డు ఉండేది. ఆలు లేదు, చూలు లేదు అన్న సామెత మా బోర్డు చూసే పుట్టి ఉండాలి. (దిగుమతి అంటే మధ్యాహ్నం మా ఇంటి నుంచి వచ్చే క్యారేజీ ఒక్కటే.) పదో తరగతి లెక్కలకీ నాకూ పడక చదువుకి దణ్ణం పెట్టేసిన నాకు ఆ బోర్డు కింద కూర్చోవడం ఎంత గొప్పగా ఉండేదంటే, ఎవరైనా ఏం చేస్తున్నావురా అంటే ‘షిప్పింగ్’ అని ఊరుకునేవాణ్ణి. వాళ్ళు నావికాదళం అనుకుంటే అది నా తప్పు కాదు కదా.

యజమానిని బావా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, జీతం ఇచ్చేవాణ్ణి బావా అంటే తిట్టేటప్పుడు కాస్త మెత్తగా తిడతాడని అలవాటు చేసుకున్నాను. మా పనల్లా పెడన అద్దకం బట్టల్ని అట్టడబ్బాలకెత్తి, కంటెయినర్లో సర్ది, గుడివాడ లారీ మీద విశాఖ రేవుకి చేర్చడం. ఇందులో పడవ బయల్దేరే రోజు ముఖ్యం కాదు, దానికన్నా ముందే రేవు గేటు మూస్తారు, ఆ రోజు ముఖ్యం. గేటు మూశాక దేవుడొచ్చినా సరుకు లోపలికి వెళ్ళదు. ఆ తేదీలు చెప్పడానికి విశాఖలో ఒక ఏజెంటమ్మ ఉండేది. ఆవిడ ఫోనెత్తి ముందు నమస్తే కూడా అనకుండా “గేటు శనివారం” అనేది. అందుకని మేం ఆవిడకి గేటు మేడమ్ అని పేరు పెట్టుకున్నాం.

ఆ యేడు పెడనలో మా అద్దకం మావయ్యకి (ఈయన కూడా చుట్టం కాదు, ఊళ్ళో అందరికీ మావయ్యే) మొట్టమొదటిసారి నేరుగా విదేశం నుంచి ఆర్డరు వచ్చింది. అంతకుముందు ఆయన అద్దిన దుప్పట్లు ఎవరెవరి పేర్ల మీదనో వెళ్ళిపోయేవి. ఈసారి డబ్బా మీద ఆయన పేరు, ఆయన ఊరి పేరు. పడవ తప్పితే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే ఆ వీధిలో అచ్చులు పట్టిన పది ఇళ్ళ వాళ్ళూ మళ్ళీ దళారి గుమ్మం ముందు నిలబడాలి. సరిగ్గా ఆ వారమే బావ కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించడానికి బంధుబలగంతో మోపిదేవి బయల్దేరాడు. “వారం రోజులు నువ్వే బావవి అనుకోరా” అన్నాడు. నేను నిజంగానే అనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని ఫ్యాను కూడా రెండు పాయింట్లు పెంచాను.

సోమవారం గేటు మేడమ్ ఫోను. “గేటు శనివారం. సరుకు రెడీనా?” నేను వెంటనే మావయ్యకి ఫోను కొట్టాను. “అయిపోయినట్టేరా” అన్నాడు. నేను మేడమ్‌తో “రెడీ అండీ” అన్నాను. మావయ్యతోనేమో “నువ్వేం కంగారు పడకు మావయ్యా, కాస్త ఆలస్యమైనా పడవ మనకోసం ఆగుద్ది, మేడమ్ మనమ్మాయే” అన్నాను. ఎవరు ఏది వింటే సంతోషిస్తారో వాళ్ళకది చెప్పడమే ఉద్యోగం అనుకునేవాణ్ణి. మా వైపు మర్యాద అంటేనే అది. ఎదుటి మనిషి మొహం మీద ‘కాదు’ అనడం మాకు చేతకాదు. పెళ్ళికి వెళ్ళే ఉద్దేశం లేకపోయినా “తప్పకుండా వస్తామండీ” అనే చెప్తాం.

బుధవారం లారీ మాట్లాడబోయే ముందు ఎందుకైనా మంచిదని బండి మీద పెడన వెళ్ళాను. మావయ్య సావిట్లో దుప్పట్లు నిట్రాడంత ఎత్తున పేర్చి ఉన్నాయి. నెమళ్ళు, లతలు, ఎరుపూ నలుపూ, కళ్ళు తిప్పుకోలేనంత బాగున్నాయి. ఒక్క ఆఖరి జాడింపే మిగిలింది. ఆ జాడింపు పారే నీళ్ళలోనే చెయ్యాలి. అదనపు రంగుని కాలవ పట్టుకుపోవాలి, నిలవ నీళ్ళలో ముంచితే ఆ రంగే పోయి పోయి తెల్లటి చోట కూర్చుంటుంది. అటు కాలవ చూస్తే అడుగున బురద, అందులో రెండు గేదెలు. వానలు సరిగ్గా పడక ఆ యేడు కాలవకి వంతులవారీగా నీళ్ళు వదుల్తున్నారు.

“మావయ్యా, అయిపోయినట్టే అన్నావుగా!”

“అయిపోయినట్టేగా మరి. నీళ్ళొస్తే అయిపోద్ది.”

“నీళ్ళెప్పుడొస్తాయి?”

“నన్నడుగుతావేంట్రా, పడవ ఆగుద్దన్నావుగా!”

అక్కడితో నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను? నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. తెలిసినాయన రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు గిరగిరా తిరుగుతుంటాయి కదా, నీళ్ళు పారుతున్నట్టే కదా! మావయ్య వద్దంటున్నా ఒక దుప్పటి పట్టుకెళ్ళి, చక్రాలన్నీ వేయించి, ముంచాను. తీశాక నెమలి గబ్బిలంలా ఉంది. పైగా ఆ వాసనకి వీధి పిల్లులన్నీ బండి వెనకాల ఊరేగింపుగా వచ్చాయి. మావయ్య ఆ దుప్పటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. మడత పెట్టి పక్కన పెట్టాడు. ఆ మడత పెట్టడం చూశాక నాకు తిట్లు తిన్నా బాగుండేదనిపించింది.

బావకి ఫోను కలవలేదు. చేసేది లేక, కాలవ గట్టు మీద నిలబడి గేటు మేడమ్‌కి ఫోను చేశాను. జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషికి వినడానికి ఇష్టం లేని మాట చెప్పాను. “మేడమ్, సరుకు రెడీ కాలేదండీ. కాలవలో నీళ్ళు లేవండీ. సోమవారం నేను అబద్ధం చెప్పానండీ.” అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత ఆవిడ అంది: “ఈ మాట సోమవారమే చెప్తే నాకింత పని ఉండేది కాదు కదండీ. పై బుధవారం గేటుకి ఇంకో పడవ ఉంది. కొనేవాళ్ళకి ముందుగా చెప్తే సర్దుకుంటారు, తీరా రోజొచ్చాక చెప్తే ఊరుకోరు. సాయంత్రం ఐదింటిలోగా నాకో తేదీ కావాలి. మీరు అనుకునే తేదీ కాదు, అయ్యే తేదీ.”

అయ్యే తేదీ ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు. లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కరు తాతకి. ఆయన మావయ్య ఇంటికి నాలుగు అడుగుల దూరంలోనే ఉన్న టీ కొట్టు దగ్గర రోజూ కూర్చుంటాడు. కానీ ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. మావయ్య ఎగువన ఎర్ర దుప్పట్లు జాడిస్తున్న పూట తాత దిగువన తెల్ల పంచె ఉతుక్కున్నాడు. పంచె గులాబీ రంగు తేలింది. తాత ఆ పంచెనే రోజూ కట్టుకుని వచ్చేవాడు, సాక్ష్యం కింద.

మావయ్యని చెయ్యి పట్టుకుని ఆ టీ కొట్టుకి లాక్కొచ్చి ఒక బల్ల మీద కూర్చోబెట్టాను. ఎదురు బల్ల మీద గులాబీ పంచె.

“తాతగారూ, నీళ్ళెప్పుడొస్తాయో మావయ్య అడుగుతున్నాడండీ.”

“నేనడగలేదు!” అన్నాడు మావయ్య, టీ గ్లాసుతో.

“అడగలేదంటున్నాడుగా. ఇంక నేను చెప్పడమేంటి?” అన్నాడు తాత, ఆకాశంతో.

గడియారం నాలుగున్నర. నాకు ఏడుపొక్కటే తక్కువ. “మావయ్యా, డబ్బా మీద పేరు నీది. నేనడిగితే ఈయన చెప్పడు” అన్నాను. మావయ్య గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు ఆ గులాబీ రంగు కేసి చూశాడు.

“రంగు బాగా పట్టిందయ్యా” అన్నాడు చివరికి. “రెండేళ్ళ ఉతుకులకి కూడా పోలేదంటే నా చెయ్యి మంచిదే. ఇంకోటి ఇస్తా, తెల్లది. అంచు నేనే అద్దుతా. నీళ్ళెప్పుడు?”

తాత మీసం కదిలింది. “ఎల్లుండి శుక్రవారం పొద్దున్నే తలుపెత్తుతాం. ఆదివారం దించేస్తాం. ఆ తర్వాత పది రోజులు చుక్క ఉండదు.” పంచె సర్దుకుంటూ అన్నాడు: “నువ్వు జాడించే రోజు నాకు చెప్పు, నేను నీళ్ళొచ్చే రోజు నీకు చెప్తా. దీనికి రెండేళ్ళా?”

ఐదు కాకముందే మేడమ్‌కి ఫోను చేసి పై బుధవారం గేటుకి ఖాయం అన్నాను, కొనేవాళ్ళకి ఆవిడే కబురు పెట్టి ఒప్పించింది. శుక్రవారం నీళ్ళొచ్చాయి. పది ఇళ్ళ వాళ్ళూ మోకాల్లోతులో నిలబడి జాడించారు. తాత దిగువన ఒక్కరినీ బట్టలుతకనివ్వకుండా కర్ర పట్టుకుని కాపలా కాశాడు. ఇప్పుడు మా ఊళ్ళో కొత్త రేవు గురించి మీటింగులు పెట్టి, తెర మీద బొమ్మలు వేసి, స్టేక్‌హోల్డర్ల సమన్వయం ఉంటే ప్రపంచంలో సరుకు ఎట్లా సాఫీగా కదుల్తుందో చెప్తున్నారు. చక్కగా చెప్తున్నారు. నేను వెనక కుర్చీలో కూర్చుని, ఆ బొమ్మలో లస్కరుకి ఒక గడి ఉందా లేదా అని వెతుక్కుంటూ ఉంటాను. (ఒకసారి లేచి అడిగాను కూడా. రాసుకున్నారు, పాపం.)

లారీ విశాఖ వెళ్తుంటే మావయ్య కూడా ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. “నా బట్ట ఎటు పోద్దో నా కళ్ళతో చూడాలిరా” అన్నాడు. మంగళవారం మధ్యాహ్నానికే కంటెయినర్ గేటు దాటింది. లోపలికి మమ్మల్ని రానివ్వరు. గేటు మేడమ్ (మేం అనుకున్నంత పెద్దావిడ కాదు, నాకన్నా రెండేళ్ళు చిన్నదేమో) మమ్మల్ని బీచికి తీసుకెళ్ళింది. దూరంగా నాలుగైదు పడవలు లంగరేసి ఉన్నాయి. “మనదేదమ్మా?” అన్నాడు మావయ్య. ఆవిడ ఒక క్షణం అటూ ఇటూ చూసి, “అదిగోండి, ఆ నల్లది” అంది. మావయ్య దానికేసి చెయ్యి ఊపాడు. ఊరికే కాదు, రైలెక్కిన కూతురికి ఊపినట్టు ఊపాడు. ఆయన్ని చూసి నేనూ ఊపాను. లారీ డ్రైవరూ ఊపాడు.

ఏడాది తర్వాత మేడమ్ ఫోన్లో నవ్వుతూ చెప్పింది, అది బొగ్గు పడవట. మన పడవ ఆ రోజుకి ఇంకా విశాఖ నీళ్ళలోకే రాలేదట. “అయ్యే తేదీ చెప్పమని నన్ను చంపారు కదండీ” అన్నాను. “ఆయన మొహం చూశాక నోరు రాలేదండీ” అంది. నేను మావయ్యకి చెప్పలేదు. ఇప్పటికీ ఆయన మనవలకి ఆ నల్ల పడవ గురించి చెప్తుంటే పక్కనే కూర్చుని తలూపుతుంటాను. మొన్న మా ఊరి పక్క మంగినపూడిలో సముద్రం ఒడ్డున నిలబడి ఉంటే ఎక్కడో దూరాన ఏదో ఓడ కనిపించింది. అందులో ఏముందో, ఎవరిదో, ఎటు పోతోందో నాకేం తెలుసు? చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నేనూ ఓసారి చెయ్యి ఊపాను.