బోర్డు మీద ఏడో లైను

మా సంఘంలో ఎవరైనా పోతే అందరూ ఆఖరిసారి ముఖం చూడ్డానికి వెళ్తారు. మా పెయింటరు మాత్రం ముందు శవపేటిక మీద పేరు చూస్తాడు. ఒకసారి సమాధి దగ్గర అందరం కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా నా చెవిలో, "అక్షరాలు కుడి పక్కకి ఒరిగాయి టీచరమ్మా. పాపం, పెద్దాయన బతికున్నన్నాళ్లూ నిటారుగా నడిచాడు" అన్నాడు. నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను. పోయినాయన భార్య అది నిజమనుకుని మర్నాడు నాకు దగ్గుమందు సీసా పంపింది. సిగ్గుతో మొత్తం తాగేశాను.

బోర్డులు రాయడమే అతని పని. పళ్ల డాక్టరు బోర్డు, లాండ్రీ బోర్డు, బడి గోడ మీది హెచ్చరిక, అన్నీ అతని చేతివే. మనిషి మెత్తన. పనిలో మాత్రం ఒక్క మూర్ఖపు పట్టుంది. పాత బోర్డు మీద కొత్త అక్షరం రాయాలంటే కింద రేకు కనబడేదాకా గీకాల్సిందే. "గీకకుండా పైన రంగేస్తే మొదట్లో బాగానే ఉంటుందండీ. ఏటవాలు ఎండ పడిందా, పాత అక్షరం లేచి కూర్చుంటుంది. దానికి సిగ్గూ ఎగ్గూ ఉండవు" అనేవాడు.

మా మందిరం గేటు పక్క బోర్డు కూడా అతనే రాశాడు. అప్పట్లో మేం మహా అయితే అరవై మందిమి. మీరెలాంటివాళ్లని ఎవరైనా అడిగితే మాకొచ్చిన జవాబు ఒకటే: ఏమేం చెయ్యమో చెప్పడం. మద్యం ముట్టం, సినిమాలు చూడం, పందేలు కాయం, ఇలా ఆరు లైన్లు. నల్ల రేకు మీద తెల్ల అక్షరాలు. అవతలి వీధి నుంచి కూడా చదవొచ్చు.

ఏడో లైను తరవాత వచ్చింది. అది పెయింటరు అక్క కోసం.

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. మందిరంలో హార్మోనియం వాయించేది, దాంతోపాటు పాడేది. నలభయ్యో ఏట, ఇక పెళ్లి మాట ఎవరూ ఎత్తని వయసులో, సినిమా హాల్లో బొమ్మ వేసే ఆపరేటర్ని పెళ్లి చేసుకుంది. ఆయన మా విశ్వాసంలో లేడు. పైగా సినిమా! సంఘం కూర్చుంది. "అన్యులను వివాహమాడినవారికి ఇందులో పాలు లేదు" అని, అంటే మా మందిరంలో చోటు లేదని, ఒక లైను చేర్చాలన్నారు. చేతులెత్తమన్నారు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. నేను కునుకు తీస్తున్నాను. పక్కావిడ మోచేత్తో పొడిచింది. ప్రార్థనకి లేవమంటున్నారేమో అనుకుని చెయ్యెత్తాను. దేనికెత్తానో తెలిశాక కూడా దించలేదు, అందరూ చూస్తున్నారని. ఆ తరవాతి ఆదివారం హార్మోనియం ముందు నన్ను కూర్చోబెట్టారు. అప్పుడూ కాదనలేదు.

పెయింటరు ఆ లైను రాసిన రోజు అతని జీవితంలోకెల్లా మంచి అక్షరాలు పడ్డాయి. చెయ్యి వణక్కూడదని ఊపిరి బిగబట్టి రాశాడట. ఆఖరి అక్షరం దగ్గర ఉండగా అక్క వచ్చింది. స్టూలు వెనక నిలబడి మొత్తం చదివింది. "ఆ 'లేదు' బాగా కుదిరిందిరా" అంది. అంతే, వెళ్లిపోయింది. మళ్లీ తమ్ముడితో మాట్లాడలేదు.

కానీ పాడటం మానలేదు. మందిరం వెనక గోడకీ లాండ్రీకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందుంది. ప్రతి ఆదివారం మూడో పాట దగ్గర ఆ సందులోంచి గొంతు వచ్చేది. మాకన్నా అర తాళం వెనగ్గా. మేం చరణం ముగించి ఊరుకున్నాక ఆఖరి మాట ఆ గోడలోంచి ఒంటరిగా వినిపించేది. పిల్లలు దయ్యం అనేవాళ్లు. పెద్దవాళ్లు, "గోడ ప్రతిధ్వనిరా" అనేవాళ్లు. ఎవరిదో మా అందరికీ తెలుసు. పదకొండేళ్లలో ఒక్కరంటే ఒక్కరు వెళ్లి చూడలేదు. ఆ ఆఖరి మాట అయ్యేదాకా నేను హార్మోనియం తిత్తి వదిలేదాన్ని కాదు. అదే నేను చేసిన ఘనకార్యం.

ఈ మధ్య మందిరానికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. కుర్రాడు. బోర్డు చదివి, "వీటిలో మీరు చెయ్యనివి ఉన్నాయి. మీరెవరో లేదు. అది రాయించండి" అన్నారు. మళ్లీ కూర్చున్నాం.

"మేం సిగరెట్లు కాల్చమండీ" అన్నాడు పోస్టుమాన్.

"అది లేదన్న మాట. ఉందన్న మాట చెప్పండి బ్రదర్."

పోస్టుమాన్ చాలాసేపు ఆలోచించాడు. "మాకు ఊపిరితిత్తులున్నాయండీ."

నవ్వులు తగ్గాక అయ్యగారు ఒక పద్ధతి పెట్టారు. ఏ లైనైనా బోర్డెక్కాలంటే అది జరిగిందని ఒక్కరైనా సాక్ష్యం చెప్పాలి, అదీ తన గురించి కాదు, పక్కవాళ్ల గురించి. "రోగుల పక్కన కూర్చుంటాం" అన్నదానికి లాండ్రీ ఆవిడ లేచింది. భర్త ఆస్పత్రిలో ఉన్నప్పుడు పోస్టుమాన్ తొమ్మిది రోజులు మంచం పక్కనే కూర్చున్నాడని చెప్పి కళ్లు తుడుచుకుంది. పోస్టుమాన్ సిగ్గుతో బెంచీ కిందకి చూశాడు. "ఉన్నది పంచుకుంటాం", "కష్టంలో కబురడుగుతాం" కూడా అయ్యాయి. నాలుగోది "తప్పు చేస్తే ఒప్పుకుంటాం". ఒక కుర్చీ కాలు పొట్టిగా కోశానని వడ్రంగి తనంతట తానే వచ్చి చెప్పాడని ఎవరో సాక్ష్యమిచ్చారు. అదీ ఎక్కింది.

అయిదోది చదివారు. "వచ్చినవారికి చోటిస్తాం."

ఎవరూ లేవలేదు. ఒక్కొక్కరి చూపూ వెనక గోడ మీదకి పోయి, అక్కడ నిలవలేక నేల మీదకి వచ్చింది. పెయింటరు తల ఎత్తనేలేదు.

"ఇది ఆపుదాం" అన్నారు అయ్యగారు.

పాత బోర్డు మీదే నాలుగు లైన్లూ రాసి, అయిదోదానికి అడుగున చోటు వదిలాడు పెయింటరు. ముచ్చటగా ఉంది. రెండో ఆదివారం ఉదయం గేటు దగ్గర చెప్పులు విప్పుతూ తలెత్తాను. ఏటవాలు ఎండ బోర్డు మీద పడుతోంది. నాలుగో లైను కింద, నల్ల రంగులోంచి, నల్లగానే, కాలిన చర్మం మీద మచ్చలా పాత అక్షరాలు లేచి ఉన్నాయి. పాలు లేదు.

పక్కనే పెయింటరు.

"గీకలేదా?"

"ఆరు లైన్లు గీకాను టీచరమ్మా. ఇదొక్కటి చెయ్యి రాలేదు. అక్క నాతో అన్న ఆఖరి మాట దీని గురించే. ఇది పోతే నా దగ్గర ఇంకేముంది?"

లోపలికి వెళ్లి హార్మోనియం ముందు కూర్చున్నాను. మొదటి పాట, రెండో పాట. మూడోది మొదలైంది. గోడలోంచి గొంతు రాలేదు. చరణం ముగిసింది. నేను తిత్తి పట్టుకునే ఉన్నాను. అందరూ నోళ్లు తెరుచుకుని, రాని ఆ ఒక్క మాట కోసం ఆగారు. పదకొండేళ్లుగా మమ్మల్ని భయపెట్టింది ఆ గొంతనుకున్నాను. అది లేకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పెయింటరు లేచి బయటికి నడిచాడు. హార్మోనియం వదిలేసి నేనూ వెనకే పరిగెత్తాను, ఒక కాలికి నా చెప్పు, రెండో కాలికి అయ్యగారిది.

రెండు వీధుల అవతల అక్క ఇల్లు. తలుపు తీసింది ఆపరేటరు. మమ్మల్ని చూసి, పక్కకి జరిగి, "నీ తమ్ముడొచ్చాడే" అన్నాడు లోపలికి.

ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. జబ్బేమీ లేదు.

"పాట... రాలేదేమక్కా?"

"బోర్డు మార్చారంటే నిన్న వచ్చి చూశాను. అదీ పొద్దున్నే, ఏటవాలు ఎండలో." మిషను ఆపలేదు. "పాత బోర్డు తిట్టిందేదో మొహం మీద తిట్టింది. దాని వెనక నిలబడి పాడగలిగాను. తప్పు ఒప్పుకుంటామని పైన రాసి, దాని కిందే నన్ను దాచిపెట్టారా? గొంతు పెగల్లేదురా. అందరికీ రేకు దాకా గీకుతావట కదా. నా ఒక్కదాని మీదే రంగు పులిమావేం?"

నువ్వు మెచ్చుకున్న అక్షరాలని దాచుకున్నాను అని అతను చెప్పొచ్చు. నేనైతే చెప్పేదాన్ని. అతను చెప్పలేదు.

"తప్పు చేశానక్కా. రాసిన రోజూ, మొన్నా కూడా."

మిషను ఆగింది. అతను వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నేను, ఆమె, ఆపరేటరు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పిలవకుండానే అతని వెనక నడిచాం.

గేటు దగ్గరికి చేరేసరికి అతను స్టూలెక్కి గీకుతున్నాడు. రేకు మీద ఇనుము. పళ్లు జివ్వుమనే ఆ చప్పుడుకి లోపల ప్రసంగం ఆగింది. ఒక్కొక్కరే బయటికొచ్చారు. మాటల మీద మాటలు రాలిపడుతుంటే ఆమె ఎండలో నిలబడి చూసింది. అన్నిటికన్నా ఆ "లేదు" వదలడానికి ఎక్కువసేపు పట్టింది. ఉప్పు కాగితంతో రుద్ది, తెల్లటి రేకు తేలాక అతను దిగాడు. వేళ్ల కొనల నుంచి రక్తం.

"లోపలికి రండమ్మా" అన్నారు అయ్యగారు, ఒక కాలు వట్టిది.

"ఇవాళ రాలేనండీ. నా కాళ్లకి ఆ సందే అలవాటు." ఆమె మందిరం పక్కనుంచి వెనక్కి నడిచింది. తమ్ముడు వెనకే వెళ్లాడు. తరవాత లాండ్రీ ఆవిడ. తరవాత పోస్టుమాన్. ఒక మనిషి పట్టే సందులోకి సంఘమంతా ఒకరినొకరు తోసుకుంటూ వెళ్లింది. అయ్యగారు కూడా.

శ్రుతి ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. నేను లోపలికి వెళ్లి వాయించాను. ఖాళీ బెంచీలు. గోడ అవతల నుంచి పాట వచ్చింది, అర తాళం వెనగ్గా. అక్కడికి హార్మోనియం సరిగ్గా వినపడదని, అందుకే ఆమె ఎప్పుడూ వెనకబడేదని అప్పుడర్థమైంది. చరణం నేను ముందే ముగించేశాను. ఆఖరి మాట అవతలివాళ్లే పాడారు. అందులో ఎన్నడూ నోరు విప్పని పెయింటరు గొంతు కూడా ఉంది, ఘోరంగా, అపశ్రుతిలో.

ఆమె ఇప్పటికీ లోపలికి రాలేదు. కొన్ని వారాలు సందులోకి వస్తుంది, కొన్ని వారాలు రాదు. వచ్చిన రోజున పెయింటరు అక్కడే ఉంటాడు. అయిదో లైను ఎప్పుడు రాస్తావని మొన్న అయ్యగారు అడిగితే, "సాక్ష్యం ఎవరు చెబుతారండీ?" అన్నాడు. ఆ చోటు వట్టి రేకుగానే ఉంది. పొద్దున ఎండకి కళ్లలో పొడిచినట్టు మెరుస్తుంది. మేం తలొంచుకుని లోపలికి వెళ్తాం.