పక్క సీట్లో కర్చీఫ్

షికాగో మ్యూజియంలంటే మా ఆయనకీ నాకూ పిచ్చి. ఏటా వెళ్లేవాళ్లం. బస్సు రాగానే ముందు నేనెక్కి పక్క సీట్లో కర్చీఫ్ వేసేదాన్ని. ఆయన ఇద్దరికీ కార్డు ట్యాప్ చేసి వెనకాల వచ్చేవారు. "ఇది గుంటూరు బస్టాండు కాదోయ్," అని నవ్వి, దాన్ని తీసి కూర్చునేవారు.

ఆయన పోయాక, ఈ వేసవిలో ఒక్కదాన్నే వెళ్లాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. ఏమీ అనిపించలేదు. కిటికీలోంచి సరస్సు వైపు చూస్తూ కూర్చున్నాను.

బస్సు నిండిపోయింది. నూలు చీర కట్టుకుని, కాళ్లకి స్నీకర్లు వేసుకున్న ఒక పెద్దావిడ నా పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. బస్సు కుదిపినప్పుడల్లా తూలుతున్నారు. కూర్చోమనాలని కూడా నాకు తోచలేదు.

మ్యూజియం స్టాప్‌లో నేను లేస్తుంటే, ఆవిడ వంగి పక్క సీట్లోంచి నా కర్చీఫ్ తీసి, మడతపెట్టి నా చేతికిచ్చారు. దాన్ని అక్కడ ఎప్పుడు వేశానో నాకే తెలియదు. నేను తెలుగుదాన్నని ఆవిడకి ఆ కర్చీఫే చెప్పినట్టుంది.

"మీవాళ్లు ఎక్కలేకపోయినట్టున్నారమ్మా," అన్నారు. "నేనైతే ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

"వెనక బస్సులో వస్తారండీ," అన్నాను.

"సరే తల్లీ," అని, ఆవిడ అప్పుడు కూర్చున్నారు.

సాయంత్రం తిరుగు బస్సులో కర్చీఫ్ బ్యాగులోంచి తీయలేదు. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. నేను కిటికీ వైపు కాస్త జరిగాను.