అత్త ఒళ్లో హార్డ్ డిస్క్

మా అత్తకూ నాకూ పడేది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత చెప్పబోయేది మీరు నమ్ముతారు. కూరలో కారం ఎక్కువైందని ఆమె, ఎక్కువైతే నీళ్లు తాగమని నేను. గోదావరిఖనిలో మేమున్న గల్లీలో మా ఇద్దరి గొంతులు వినబడకపోతే, ఇంట్లో ఎవరికో జ్వరమొచ్చిందని పక్కవాళ్లు పలకరించడానికి వచ్చేవారు. అయినా దుకాణం మాత్రం కలిసే నడిపాం. జిరాక్సులు, పెళ్లి కార్డులు, ఫోటోలు మా పని. మా ఆయనది బాయి పని, అంటే బొగ్గు గనిలో డ్యూటీ. ఆయనది ఏ షిఫ్టయినా మధ్యాహ్నం నాకు ఇంటి దగ్గర పని తప్పేది కాదు. డ్యూటీకి పంపడమో, దిగి వచ్చిన మనిషికి వేడినీళ్లు పెట్టడమో ఏదో ఒకటి ఉండేది. నేను తిరిగి వచ్చేదాకా అత్తే దుకాణంలో కూర్చునేది.

మా దగ్గర ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనిలో, మధ్యాహ్నం పూట మందుగుండు పెట్టి బ్లాస్టింగ్ చేస్తారు. ముందు సైరన్ కూస్తుంది. అది వినగానే గల్లీలో ఆడవాళ్లు చేతిలో పని ఆపి, గూట్లో గాజు గ్లాసులు వెనక్కి జరుపుతారు. ఉయ్యాలలో పిల్లను ఎత్తుకుంటారు. గోడ పక్కన పడుకున్న ముసలాయనను లేపి కూర్చోబెడతారు. కాసేపటికి దభీమని చప్పుడు. కిటికీలు గలగలమంటాయి, గోడ పగుళ్లలోంచి ఇంత సున్నం రాలుతుంది, అంతే. మళ్లీ ఎవరి పని వాళ్లది. కొత్తగా వచ్చిన చుట్టాలు బయటికి పరుగెత్తితే మేం నవ్వేవాళ్లం.

తెలంగాణ కోసం బందులు జోరుగా నడుస్తున్న రోజుల్లో నా తమ్ముడు ఒక హార్డ్ డిస్క్ తెచ్చి ఇచ్చాడు. వాడు హైదరాబాదులో కంప్యూటర్ల పని చేసేవాడు. అరచేయంత నల్ల డబ్బా, దానికొక వైరు. కంప్యూటర్లో ఉన్నవన్నీ దీంట్లో ఇంకో కాపీ ఉంటే, రేపు కంప్యూటర్ పాడైనా మన సామాను మనకు ఉంటుందన్నాడు. పొద్దున కరెంటు కోత, సాయంత్రం గిరాకీ. డిస్క్ తగిలించడానికి వీలయ్యేది మధ్యాహ్నం ఒక్కటే. అందుకని వాడొక చిన్న ప్రోగ్రాం రాసిపెట్టాడు. వైరు గుచ్చితే చాలు, డిస్క్ వచ్చిందని కంప్యూటరే గుర్తుపట్టి కాపీ మొదలుపెడుతుంది. డిస్క్ లేకపోతే దాని మానాన అది ఊరుకుంటుంది. ఎవరూ ఏ బటనూ నొక్కక్కర్లేదు.

"అత్తమ్మ గూడ చేస్తది," అన్నాడు.

"దీంట్ల మా చిన్నోడు గూడ ఉంటడా?" అని అత్త అడిగింది.

"ఉంటడు అత్తమ్మ. పెండ్లి వీడియో దీంట్లకే వస్తది. లోపట చక్రం తిరుగుతది. అది తిరిగేటప్పుడు అదరొద్దు, కింద వడొద్దు. గంతే."

చిన్నోడంటే నా మరిది. మా పెళ్లైన మరుసటేడు బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. పెళ్లి కాని పిల్లవాడు. నన్ను వదినా అని పిలవడానికి సిగ్గుపడి చాలా రోజులు ఏమీ పిలవకుండానే మాట్లాడాడు. ఫోటోలు రెండు మూడు ఉన్నాయి గానీ, అతని గొంతు మిగిలింది మా పెళ్లి వీడియోలో మాత్రమే. భోజనాల దగ్గర పప్పుచారు బకెట్ పట్టుకుని బంతి వెంట వస్తూ, తల్లి ముందు ఆగి, "అవ్వా, నువ్వు తిన్నవానే?" అంటాడు. అంతే. ఆ ముక్క కోసం అత్త ఆదివారం ఆదివారం కంప్యూటర్ ముందు కూర్చునేది. నా తలంబ్రాలు, నా అప్పగింతలు గబగబా దాటించమనేది. నాకు కోపం వచ్చేది కాదు. నేను కూడా ఆ గొంతు కోసమే చూసేదాన్ని. క్యాసెట్ అప్పటికే బూజుపట్టి, కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నప్పుడు చివర్లో తెగిపోయింది. ఇక ఉన్నదల్లా కంప్యూటర్లోనే.

రోజూ నేను ఇంటి నుంచి వచ్చేసరికి డిస్క్ తువ్వాలలో చుట్టి బీరువాలో ఉండేది. కాపీ అయిపోయాక అత్త తీసి పెట్టిందనుకునేదాన్ని. ఇంత బాధ్యతగా చేస్తున్నందుకు లోపల మెచ్చుకున్నాను, పైకి అనలేదు.

ఒక ఎండాకాలం కరెంటు పోయి, మళ్లీ ఒక్కసారిగా ఎక్కువై వచ్చింది. ఫ్యాను గిర్రున తిరిగింది, బల్బు పగిలింది, కంప్యూటర్లోంచి కమురు వాసన. రిపేరు చేసేవాడు విప్పి చూసి, లోపల ఉన్నదేదీ రాదని చెప్పాడు. అత్త మొహం పాలిపోయింది. "డబ్బాల ఉన్నది అత్తా, ఫికర్ జెయ్యకు," అని ధీమాగా చెప్పాను.

తమ్ముడు వచ్చి డిస్క్‌ను తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. పెళ్లి కార్డులున్నాయి, గిరాకీల ఫోటోలున్నాయి, మా పెళ్లి వీడియో కూడా ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది. అత్త ముందుకు జరిగి కూర్చుంది. తలంబ్రాలు అయ్యాయి, భోజనాలు మొదలయ్యాయి. మరిది బకెట్ పట్టుకుని బంతి చివర కనిపించాడు. ఒక్కొక్కరికీ పోసుకుంటూ వస్తున్నాడు. బొమ్మ ఆగిపోయింది.

"ఏమాయె?" అంది అత్త.

తమ్ముడు వెనక్కీ ముందుకీ తిప్పాడు. అక్కడి దాకే ఉంది. ఇంకెక్కడైనా ఉందేమో చూస్తానని ఆమెకు చెప్పాడు. నన్ను బయటికి పిలిచి, "కాపీ నడుమల ఆగింది అక్క. ఎందుకాగిందో సమజైతలేదు," అన్నాడు.

మరునాడు పాత కంప్యూటర్ ఒకటి సర్ది, ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్న కాపీలన్నీ అందులోకి ఎక్కించాడు. పాత ప్రోగ్రామే పెట్టి, మధ్యాహ్నం నన్ను ఇంటికి వెళ్లొద్దన్నాడు. మేం వెనక గదిలో కాగితాలు సర్దుతున్నాం. అత్త ఎప్పటిలాగే అన్నం తిని, చేతులు తుడుచుకుని, వైరు గుచ్చింది. డిస్క్ మీద చిన్న లైటు వెలిగింది, కాపీ మొదలైంది. కాసేపటికి సైరన్ కూసింది. అత్త ఒక్క ఉదుటున లేచి, వైరు లాగేసి, డిస్క్‌ను తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ అడ్డం పెట్టింది. దభీమంది. సున్నం రాలింది. ఆమె లేచి దాన్ని బీరువాలో పెట్టేసింది.

నేనూ తమ్ముడూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చిన్న చిన్న ఫైళ్లు సైరన్ లోపు అయిపోయేవి. పెళ్లి వీడియో పెద్దది, మా మిషన్ నత్తనడక. రోజూ మొదటి నుంచి మొదలయ్యేది, రోజూ ఆ భోజనాల దగ్గరికి వచ్చేసరికి అత్త లాగేసేది. కొడుకు గొంతు తన దాకా రాకుండా రోజూ ఆపింది ఆమె చేతులే.

"చెప్పాలె గద అక్క, గుంజద్దని," అన్నాడు తమ్ముడు మెల్లగా.

ఎందుకు గుంజొద్దో చెప్పకుండా ఆ మాట ఎట్లా చెప్పడం? ఉప్పు దగ్గర, పప్పు దగ్గర ఆమెను ఎన్ని మాటలన్నానో నాకే గుర్తులేదు. ఈ ఒక్కటీ అనడానికి నాకు నోరు రాలేదు. ఆమె మీద అంత జాలి నాకెప్పుడూ కలగలేదు. సాయంత్రం ఆమె "దొరికిందా?" అని అడిగితే, "మిగిలింది కంప్యూటర్ కాలినప్పుడే పోయిందట అత్తా," అన్నాను. "పోనీ తియ్యి. మొఖమన్న కనవడుతాంది," అని లేచి వెళ్లింది.

తమ్ముడు ఇంకో రెండు రోజులు ఉండిపోయాడు. "అత్తమ్మను మార్చుడు కంటె ప్రోగ్రాం మార్చుడే నయం," అని కొత్తది రాశాడు. ఇప్పుడు పెద్ద ఫైళ్లను ముక్కలు చేసి పంపుతుంది. వైరు ఎప్పుడు లాగినా సరే, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని మరునాడు అక్కడి నుంచే అందుకుంటుంది. అయిపోయినవి సరిగా చేరాయో లేదో సరిచూసుకుంటుంది. ఉన్న సగం వీడియోనే దానికి మొదట అప్పజెప్పాం. నాలుగైదు మధ్యాహ్నాలు పట్టినా ఒక్క ముక్క పోకుండా చేరింది. దాని పని అది, అత్త పని అత్త.

కానీ నాకు మనసు ఊరుకోలేదు. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం నేను దుకాణంలోనే ఉన్నాను. సైరన్ కూసింది, ఆమె మోకాలి నొప్పితోనే గబుక్కున లేచింది. వైరు లాగి, డబ్బాను ఒళ్లో పెట్టుకుంది.

"జరంత అదిరితె ఏం గాదత్తా. ఎందుకు గంత ఉరుకుడు?" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. తువ్వాల అంచు సర్దుతూ చెప్పింది.

"వాడు లోపట ఉండంగనే కప్పు గూలింది బిడ్డా. చెయ్యి వట్టి ఇవుతలికి గుంజెటోళ్లు లేకపోయిరి. ఇప్పుడు వాడు దీంట్ల ఉన్నడంటిరి. సైరన్ ఇనవడ్డంక గూడ లోపట్నే ఉంచుమంటవా?"

దభీమని చప్పుడైంది. కిటికీలు గలగలమన్నాయి. నా కళ్లలో నీళ్లు చూసి దుమ్ము పడిందనుకుంది, కొంగు అందించింది.

ఆ తర్వాత కూడా మేం పోట్లాడుకున్నాం, గల్లీకి తెలిసేలాగే. కానీ మధ్యాహ్నం పూట నేను అక్కడుంటే, సైరన్ కూయగానే కాపీ ఎంతవరకు వచ్చిందో చూసేదాన్ని కాదు. "గుంజు అత్తా, జల్ది గుంజు," అనేదాన్ని.