ఉత్తరపు తాడు, దక్షిణపు తాడు

మాధవి ఆటో ఎక్కేసరికి మార్కండి ఒడ్డున పెద్దవల పడవ అలల్ని దాటుతోంది. అందులో శంకర్ ఉన్నాడు. పదకొండు గంటలకి బరంపురం కోర్టులో ఆమె పక్కన నిలబడాల్సిన మనిషి, చీకటి ఇంకా వదలని నీటిమీద చిన్న మచ్చలా దూరమైపోతున్నాడు.

ఇద్దరూ మేనత్త మేనమామ బిడ్డలు, పెళ్ళితో మొగుడూ పెళ్ళాలయ్యారు. ఆరేళ్ళ కిందట కులపెద్దల ముందు విడిపోయారు. తగువేం లేదు, ఒకరి మౌనం ఒకరికి ఉప్పులా ఎక్కువైంది. పెద్దవలకి రెండు తాళ్ళు. ఊళ్ళో సగంమంది ఒకటి, సగంమంది ఇంకోటి పట్టుకుని ఒడ్డుకి లాగుతారు. శంకర్‌కి దక్షిణపు తాడు, మాధవికి ఉత్తరపు తాడు అన్నారు పెద్దలు. ఊరికి అంతే చాలు.

కానీ పొలసరలో ఎండుచేపలు అమ్మే లోకనాథ్ ఆమెని చేసుకుంటానన్నాడు. రిజిస్టరు పెళ్ళికి కోర్టు కాగితం కావాలి. ఇద్దరూ ఒప్పుకుని విడాకుల అర్జీ పెట్టారు. మొదటిసారి పిలిచినప్పుడు, విడిగా ఉంటున్నారా అని జడ్జిగారు అడిగితే శంకర్ ఉన్నదున్నట్టు చెప్పాడు: "ఉంటున్నామమ్మా. రోజూ ఒకే వల లాగుతాం కూడా."

ఆవిడ కలం కింద పెట్టేసింది. ఇంకా ఆలోచించుకోమంది. అక్కణ్ణించి వాయిదా మీద వాయిదా. ఈ నెలాఖరుకి పద్దెనిమిది నెలలు నిండుతాయి, ఆ తర్వాత అర్జీ చెల్లదు. రేపు శంకర్ కేరళ బోట్లలో పనికి వెళ్ళిపోతాడు.

"మీ ఆయన ఏడమ్మా?" కోర్టు వరండాలో లాయరు పద్మిని గడియారం చూసుకుంది.

"మా ఆయన కాదు మేడం. అందుకే కదా ఒచ్చినాం."

నవ్వు రాలేదు ఎవరికీ. వరండా గోడకి ఆనుకుని మాధవి కళ్ళు మూసుకుంది. ఆమెకి కాలం గోడమీద కాదు, నీటిమీద నడుస్తుంది. ఇప్పుడు వల బెండ్లు తేలుతూ కనబడుతుంటాయి. ఇప్పుడు వల కడుపు ఇసక తాకుతుంది. ఇప్పుడు కాళ్ళు కడుక్కుంటాడు. బస్సు దొరికిందా?

బంట్రోతు రెండు పేర్లు పిలిచాడు. ఒక్కతే లేచింది. చివర్లో మళ్ళీ పిలవమని పద్మిని వేడుకుంది. హాలు ఖాళీ అవుతూ వచ్చింది, ఒక్కొక్క బల్లా బయటపడుతూ, ఆటుకి నీరు తీసిన ఒడ్డులా.

మోకాళ్ళదాకా తడి బట్టతో అప్పుడొచ్చాడు శంకర్.

"ఈయేళ పడవెక్కమని ఎవుడు సెప్పినాడు నీకు?" అంది మాధవి.

"కవళ్ళ చేప గుంపు కనపడిందే. నడిమిలో తాడు ఒగ్గీసి ఎలా వత్తాను? నా ఎనకోలు పడిపోరేటి?"

"ఇదిగో," అంది పద్మిని, "విడిగా ఉంటున్నామని చెప్పి ఊరుకో. వల మాట ఎత్తకు."

"ఆవిడే అడిగితే?"

"అడిగినా సరే."

"అబద్ధం సెప్పలేను మేడం."

మళ్ళీ పిలుపు. జడ్జిగారు కాగితాలు తిప్పి, తలెత్తి, ఒడియాలో అడిగింది: "ఇంకా ఒకే వల లాగుతున్నారా?"

పద్మిని తల దించుకుంది. మాధవి గుప్పిట్లో కొంగు నలిగింది.

"లాగుతున్నామమ్మా," అన్నాడు శంకర్.

జడ్జిగారి చేతిలో కలం ఆగింది. అంతవరకూ అడిగినదానికే బదులిచ్చే మాధవి ఒక అడుగు ముందుకేసింది. "రెండు తాళ్ళమ్మా. ఆయనది దక్షిణం, నాది ఉత్తరం. మధ్యన అంతా సముద్రమే."

"వల ఒడ్డుకొచ్చాక?"

అబద్ధం ఆమెకీ రాదు. "తాళ్ళు దగ్గరవుతాయి. పక్కపక్కనే నిలబడతాం. చేప పంచుకుంటాం. ఎవరి గంప వాళ్ళది, ఎవరి ఇల్లు వాళ్ళది."

"ఆరేళ్ళయింది, ఈమె గుమ్మం తొక్కలేదు," అన్నాడు శంకర్.

జడ్జిగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత కలం కదిలింది. విడాకుల ఉత్తర్వు చివరిదాకా ఆగకుండా కదిలి, సంతకం పెట్టింది.

బయట ఎండ తెల్లగా ఉంది. శంకర్ అరచేతుల్లో తాడు ఒరిసిన గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"రేపట్నించి దచ్చిణం తాడు ఎవులికి ఒప్పసెప్పినావు?" అడిగింది మాధవి.

"కాసులు గాడికి."

"జాగర్తగా ఎల్లు, బావా."

ఆరేళ్ళుగా ఆమె అతన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. శంకర్ మెట్టుమీద ఆగాడు.

"ఆ పిలుపు కొట్టీలేదేటి జడ్జమ్మ?"

"అది కోర్టు ఇచ్చింది కాదు కదా," అని, మాధవి లోకనాథ్‌కి ఫోన్ చెయ్యడానికి నీడలోకి నడిచింది.